జీవోకు ఓటు లేదు

1999 అక్టోబరు మొదటి వారం. ఖైరతాబాద్ అసెంబ్లీ స్థానం ఓట్ల లెక్కింపు.

ఒక్కో రౌండూ ముగుస్తుంటే కాంగ్రెస్ ఏజెంట్లు కాగితం మీద అంకెలు కూడుతున్నారు, కొట్టేస్తున్నారు, మళ్లీ కూడుతున్నారు. వాళ్ల అభ్యర్థి సామాన్యుడు కాదు. నాలుగుసార్లు ఇదే సీటు గెలిచిన మనిషి. మాజీ మంత్రి. అయిదేళ్లుగా శాసనసభలో కాంగ్రెస్ పక్ష నాయకుడు. ఎదుట నిలబడ్డది ఎన్నికలకు కొత్త మనిషి. సీబీఐ డైరెక్టర్‌గా హవాలా కేసు రోజులు చూసి రిటైరైన పోలీసు అధికారి కె. విజయరామారావు. తెలుగుదేశం ఆయన్ను తెచ్చి ఇక్కడ నిలబెట్టింది. బస్తీల్లో పీజేఆర్‌ను కొట్టేవాడు లేడన్న ధీమా కాంగ్రెస్ వాళ్లది.

ఆ రోజు ఆ ధీమా చెదిరింది. పీజేఆర్, అంటే పి. జనార్దన్ రెడ్డి, ఓడిపోయారు.

ఒక నగర నియోజకవర్గంలో ఒక నాయకుడు ఓడిపోవడం పెద్ద కథేమీ కాదు. దాని వెనకాల నడిచిందే అసలు కథ. కాంగ్రెస్‌కు ఆ ఎన్నికల్లో 91 సీట్లు వచ్చాయి. సభలో ప్రతిపక్ష నాయకుడి కుర్చీ ఖాళీ అయింది. పులివెందుల నుంచి గెలిచొచ్చిన వై.ఎస్. రాజశేఖర రెడ్డి అందులో కూర్చున్నారు. పీజేఆర్ గెలిచి ఉంటే ఆ కుర్చీ ఆయనకే దక్కేదని గట్టిగా చెప్పలేం. వైఎస్ అప్పటికే పీసీసీ అధ్యక్షుడు. కానీ సభలో ఒక పోటీదారు ఉండేవాడు. అటు గెలిచిన విజయరామారావును ముఖ్యమంత్రి చంద్రబాబు మంత్రివర్గంలోకి తీసుకున్నారు. అంతకుముందు రవాణా మంత్రిగా ఉన్న సిద్దిపేట ఎమ్మెల్యేకు మాత్రం ఈసారి మంత్రి పదవి రాలేదు, డిప్యూటీ స్పీకర్ పదవి ఇచ్చారు. ఆయన పేరు కల్వకుంట్ల చంద్రశేఖర రావు. ఆ అసంతృప్తే 2001 ఏప్రిల్ 27న తెలంగాణ రాష్ట్ర సమితి పుట్టుకకు మొదటి మెట్టు అని రాజకీయాలు తెలిసినవాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఉద్యమానికి అంతకంటే లోతైన కారణాలు ఉన్నాయి, వాటిని ఒక మంత్రి పదవికి కుదించడం అన్యాయం. అయినా ఖైరతాబాద్ ఓటర్లు ఆ రోజు ఒక్క ఎమ్మెల్యేను మార్చామనుకుని రెండు చరిత్రలకు దారి తీశారన్నది కాదనలేం.

ఎవరీ పీజేఆర్? ఆయన ఎమ్మెల్యేగా ఉన్నంత కాలం జూబ్లీహిల్స్ పేరుతో నియోజకవర్గమే లేదు. బంజారాహిల్స్, జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్, యూసుఫ్‌గూడ, బోరబండ, ఎర్రగడ్డ అన్నీ ఖైరతాబాద్ కిందివే. ఓటర్ల సంఖ్యలో దేశంలోని పెద్ద అసెంబ్లీ స్థానాల్లో ఒకటని చెప్పుకునేవారు.

కొండ మీద జూబ్లీహిల్స్ సొసైటీ 1960ల్లో పుట్టింది. మొదటి ఇల్లు 1967లో లేచింది. అప్పటికి అక్కడ రాళ్లు, తుమ్మచెట్లు తప్ప ఏమీ లేవు. 1976లో బంజారాహిల్స్‌లో అన్నపూర్ణ స్టూడియో తెరుచుకుంది. తర్వాత పద్మాలయా, రామానాయుడు స్టూడియో, ఫిల్మ్‌నగర్ ప్లాట్లు. మద్రాసు నుంచి తెలుగు సినిమా ఒక్కో లారీలో ఒక్కో సామానుగా వచ్చి ఈ గుట్టల మీద దిగింది.

ఆ గుట్టల్ని పగలగొట్టింది ఎవరు? పాలమూరు నుంచి వచ్చిన రాతికూలీలు, మట్టిపని వాళ్లు. పని ఎక్కడుంటే గుడిసె అక్కడే. బంగ్లా గోడ అవతల బస్తీ. షూటింగులతో పాటు లైట్‌బాయ్‌లు, డ్రెస్ అసిస్టెంట్లు, జూనియర్ ఆర్టిస్టులు, డ్రైవర్లు వచ్చి కృష్ణానగర్, ఇందిరానగర్, యూసుఫ్‌గూడ ఇరుకు గదుల్లో చేరారు. కొండ మీది వాళ్ల బొమ్మలు రాష్ట్రమంతా గోడలెక్కాయి; వాలులో ఉన్నవాళ్లకు ఓట్లు ఉన్నాయి. ఆ లెక్కను అందరికంటే ముందు అర్థం చేసుకున్న కార్మిక నాయకుడు పీజేఆర్.

1978లో ఇందిరా కాంగ్రెస్ గుర్తు మీద తొలిసారి గెలిచారు. 1983లో ఎన్టీఆర్ ప్రభంజనంలో ఓడారు. ఇక్కడి నుంచే ఆయన లెక్క తమాషాగా ఉంటుంది. 1985లో తెలుగుదేశం 202 సీట్లు ఊడ్చేసిన ఎన్నికల్లో కాంగ్రెస్‌కు మిగిలినవి 50. అందులో ఖైరతాబాద్ ఒకటి. 1989లో కాంగ్రెస్ గాలి, ఆయనా గెలిచారు, చెన్నారెడ్డి సర్కారులో కార్మిక శాఖ చూశారు. 1994లో ఎన్టీఆర్ మళ్లీ వచ్చారు. తెలుగుదేశానికి 216, కాంగ్రెస్‌కు ముష్టి 26. ఆ 26లో కూడా ఖైరతాబాద్ ఉంది. సినిమా పరిశ్రమ మొత్తం కాపురమున్న కొండ, సినిమా దేవుడి గాలి రెండుసార్లు వీచినా, కార్మిక సంఘాల మనిషినే సభకు పంపింది.

ఎందుకు? బస్తీలో పొద్దున్న నాలుగింటికి లేచి బిందెలు వరసలో పెట్టిన ఆడవాళ్లను అడగాలి. నల్లా రాకపోతే, గుడిసె కూల్చడానికి మున్సిపాలిటీ వాళ్లు వస్తే, కరెంటు మీటరు ఇవ్వకపోతే, ఫ్యాక్టరీలో పనిలోంచి తీసేస్తే, ఆ రోజుల్లో ఒక్కటే మాట వినబడేది.

“పీజేఆర్ దగ్గరికి పోదాం పా.”

“గీ పొద్దున్నే ఉంటడా?”

“దోమల్‌గూడకు పోతే కలుస్తడు. పోయినోళ్లకు కలవకుంట ఎన్నడున్నడు?”

ఫలానా ఇద్దరి సంభాషణ అని కాదు, బస్తీ బస్తీలో నడిచిన మాట ఇది. ఆయన శైలి అందరికీ నచ్చేది కాదు. అధికారుల మీద గొంతు పెంచుతారని, గుంపును వెంటేసుకుని ఆఫీసుల్లోకి దూసుకొస్తారని ఫిర్యాదులుండేవి. ప్రభుత్వ భూమిలో వెలసిన గుడిసెలకు అండగా నిలబడితే నగర ప్రణాళిక ఏం కావాలని ప్లానింగ్ తెలిసినవాళ్లు అడిగేవారు. ఆ ప్రశ్న తేలికగా కొట్టిపారేసేది కాదు. అయితే బంగ్లాలకు లేఅవుట్ వేసిన చేతులు ఆ బంగ్లాలు కట్టే కూలీకి చోటు గీయలేదు. ఆ ఖాళీలోనే పీజేఆర్ రాజకీయం పుట్టింది. జూబ్లీహిల్స్ పెద్దమ్మ గుడిని ఇప్పుడున్న స్థాయికి తెచ్చింది కూడా ఆయనే. కొండ మీదివాళ్లూ వాలులోవాళ్లూ ఒకే వరసలో నిలబడే చోటు ఆ చుట్టుపక్కల అది తప్ప లేదనే చెప్పాలి.

ఇదంతా నియోజకవర్గంలో. మరి సభలో?

ఇక్కడ కాస్త ఆగాలి. అమెరికాలో ఒక రాష్ట్ర శాసనసభ్యుడు ఏ బిల్లుకు ఎటు ఓటేశాడో ఓటరు పేరు కొట్టి చూసుకోవచ్చు. తుపాకులు, పన్నులు, బడి నిధులు, ఒక్కోదాని ఎదుట అవును, కాదు, గైర్హాజరు. ఎన్నికల్లో ప్రత్యర్థులు ఆ పట్టీనే పట్టుకుని తిరుగుతారు. మన శాసనసభ్యుడికి అలాంటి పట్టీ లేదు. స్పీకర్ ప్రతిపాదన చదువుతారు. అనుకూలురు అవునంటారు, ప్రతికూలురు కాదంటారు. ఏ గొంతు పెద్దదో స్పీకర్ చెవికి తెలుస్తుంది, బిల్లు నెగ్గిందంటారు. మూజువాణీ ఓటు. ఎవరైనా పట్టుబట్టి డివిజన్ అడిగితేనే తలలు లెక్కపెడతారు. పీజేఆర్ అయిదు పర్యాయాల సభ్యత్వం మొత్తం వెతికినా ఆయన ఓట్ల చిట్టా చేతికి రాదు. తప్పు ఆయనది కాదు, పద్ధతిది.

ఆయన తొలి సభ, 1978 నుంచి 1983 దాకా, పదవీకాలంలో నలుగురు ముఖ్యమంత్రుల్ని చూసింది: చెన్నారెడ్డి, అంజయ్య, భవనం వెంకట్రామ్, కోట్ల విజయభాస్కర రెడ్డి. నలుగురినీ మార్చింది ఢిల్లీ. సభలో ఓటుతో దిగిపోయినవాళ్లు ఒక్కరూ లేరు. 1985లో 52వ రాజ్యాంగ సవరణ వచ్చింది. పదో షెడ్యూలు. పార్టీ విప్ ధిక్కరించి ఓటేస్తే సభ్యత్వం పోతుంది. పదిహేను రోజుల్లో పార్టీ క్షమిస్తే తప్ప. ఫిరాయింపుల్ని ఆపాలన్న ఉద్దేశం మంచిదే. కానీ ఆనాటి నుంచి సభ్యుడి ఓటు సభ్యుడిది కాకుండా పోయింది. అది పార్టీ ఆఫీసులో ముందే పడిపోయిన ఓటు. సభలో పడేది దాని నకలు.

కాబట్టి మన దగ్గర ఒక శాసనసభ్యుడు ఎవరి పక్షమో తెలియాలంటే ఓటు చూసి లాభం లేదు. సొంత పార్టీ అధికారంలో ఉన్నప్పుడు, మంత్రి పదవి ఆశ ఇంకా మిగిలి ఉన్నప్పుడు, ఆ పార్టీ ముఖ్యమంత్రికి ఇష్టం లేని మాట మాట్లాడాడా లేదా అన్నది చూడాలి. పీజేఆర్ జీవితంలో ఆ ఘట్టం 2005లో వచ్చింది.

2004 మేలో కాంగ్రెస్ 185 సీట్లతో తిరిగి గద్దెనెక్కింది. పీజేఆర్ విజయరామారావును ఓడించి బదులు తీర్చుకున్నారు. పదేళ్లు ప్రతిపక్షంలో గడిపిన పార్టీ. పార్టీ కష్టాల్లో ఉన్నప్పుడు 26 మందితో సభలో పక్షాన్ని నడిపిన నాయకుడు. మంత్రి పదవి ఖాయమని బస్తీలన్నీ అనుకున్నాయి. ముఖ్యమంత్రి వైఎస్ జాబితాలో ఆయన పేరు లేదు. సనత్‌నగర్ నుంచి గెలిచిన మర్రి శశిధర్ రెడ్డి పేరూ లేదు. పత్రికలు వీళ్లిద్దరికీ ‘హైదరాబాద్ బ్రదర్స్’ అని పేరు పెట్టాయి. జంటగా అసమ్మతి పాడేవారని వెటకారం కూడా అందులో ఉంది.

2005 సెప్టెంబరు. సచివాలయం నుంచి ఒక కాగితం వెలువడింది. జీవో నంబరు 170. శ్రీశైలం జలాశయం ఒడ్డున, కర్నూలు జిల్లా పోతిరెడ్డిపాడు దగ్గర, తెలుగుగంగకూ శ్రీశైలం కుడి కాలువకూ నీళ్లు తీసుకెళ్లే తూము ఉంది. దాని సామర్థ్యం 11,150 క్యూసెక్కులు. దాన్ని 44,000 క్యూసెక్కులకు పెంచాలన్నది ఆ జీవో. దాదాపు నాలుగింతలు.

రాయలసీమ వైపు నుంచి చూస్తే దశాబ్దాల గోడు. కృష్ణ పక్కనే పారుతున్నా గొంతు తడవని నేల. వరదొచ్చే కొద్ది రోజుల్లోనే నీళ్లు పట్టుకోవాలంటే తూము వెడల్పు కావాలి; ముఖ్యమంత్రి వాదన అదే, సీమ రైతుకు అందులో తప్పేమీ కనబడదు. ఇటువైపు నుంచి చూస్తే ఇంకో లెక్క. శ్రీశైలం పైన, నాగార్జునసాగర్ కింద. పోతిరెడ్డిపాడులో మళ్లిన నీరు సాగర్‌కు దిగదు. సాగర్ ఆయకట్టు అటుంచి, అంతకు ఏడాది ముందే, 2004లో, హైదరాబాద్‌కు సాగర్ నుంచి కృష్ణా మొదటి దశ నీళ్లు రావడం మొదలైంది. అక్కంపల్లి రిజర్వాయరులో నింపి, కోదండాపూర్‌లో శుద్ధి చేసి, నూరు కిలోమీటర్లకు పైగా పంపులతో ఎత్తి నగరానికి తెస్తారు. రెండో దశ పైపులు ఇంకా పడాలి. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్, మంజీరా, సింగూరు చాలక, నగరం పూర్తిగా కృష్ణమ్మ మీద ఆధారపడబోతున్న సమయం అది.

బోరబండలో బిందె నిండడానికీ పోతిరెడ్డిపాడు తూముకూ సంబంధం ఏమిటని అడిగేవాళ్లకు ఇదే జవాబు. నల్లా కోసం వచ్చినవాళ్లతో పాతికేళ్లకు పైగా మెలిగిన నాయకుడికి ఆ సంబంధం మ్యాపు చూడకుండానే తెలుసు.

తెలంగాణ రాష్ట్ర సమితి మంత్రులు ఆ జూలైలోనే వైఎస్ ప్రభుత్వం నుంచి బయటికొచ్చారు. ప్రతిపక్షం ఎదురు తిరిగిందంటే దాని ధర్మం అది. అధికార పక్షం బెంచీల్లో కూర్చుని అడ్డం తిరగడమే కష్టం. పీజేఆర్ తిరిగారు. సభలోనూ, బయటా, సొంత ముఖ్యమంత్రి జీవోను వ్యతిరేకించారు. శశిధర్ రెడ్డి తోడు నిలిచారు. తెలంగాణ నోటి దగ్గర నీరు పోతోందన్నది వాళ్ల వాదన. దీన్ని మంత్రి పదవి రాని కడుపుమంటగా చూసినవాళ్లు పార్టీలోనే చాలామంది. కొంత మంట ఉండకపోదు, మనిషే కదా. కానీ కడుపుమంట తీర్చుకోవాలంటే బేరం కుదుర్చుకునే సులువు దారులు వేరే ఉన్నాయి. ఆయన ఎంచుకున్నది ఏ బేరమూ కుదరని దారి. నీళ్ల విషయంలో వైఎస్ వెనక్కి తగ్గే మనిషి కాదని అందరికంటే ఆయనకే బాగా తెలుసు.

ఇక అసలు సంగతి. ఈ మొత్తం గొడవలో పీజేఆర్ ఓటు ఎటు పడింది? ఎటూ పడలేదు. ఎందుకంటే ఓటే జరగలేదు. జీవో అంటే ప్రభుత్వ ఉత్తర్వు. దానికి శాసనసభ ఆమోదం అక్కర్లేదు. 294 మంది సభ్యులున్న సభ, రెండు ప్రాంతాల నీటి వాటాను మార్చే నిర్ణయం మీద చేతులెత్తే అవసరమే రాలేదు. చర్చించవచ్చు, అరవవచ్చు, పోడియం దగ్గరికి వెళ్లవచ్చు, బయటికి నడవవచ్చు. బడ్జెట్ పద్దుల్లో భాగంగా డబ్బు మంజూరుకు మాత్రం ఓటుంటుంది. అక్కడ విప్ ఉంటుంది. పీజేఆర్ బతుకంతటిలో పెద్ద పోరాటం ఓట్ల చిట్టాలో ఒక్క గీత కూడా మిగల్చలేదు.

తూము వెడల్పు పనులు ఆగలేదు. ఆయనకు మంత్రి పదవీ రాలేదు. 2007 డిసెంబరు 28, శుక్రవారం, గుండెపోటుతో పోయారు. అరవై నిండలేదు. బస్తీలు కదిలొచ్చాయి.

2008 మే 29న ఉప ఎన్నిక. తండ్రి సీట్లో కొడుకు పి. విష్ణువర్ధన్ రెడ్డి కాంగ్రెస్ తరఫున నిలబడి గెలిచారు. ఆ వెంటనే నియోజకవర్గాల పునర్విభజన అమల్లోకి వచ్చింది. పాత ఖైరతాబాద్ ముక్కలైంది. 2009లో జూబ్లీహిల్స్ పేరుతో తొలిసారి ఎన్నిక జరిగింది, విష్ణు మళ్లీ గెలిచారు. ఇక్కడ గీత గీసినవాళ్లు ఒక చమత్కారం చేశారు. జూబ్లీహిల్స్ అసెంబ్లీ స్థానంలోకి బోరబండ, ఎర్రగడ్డ, రహమత్‌నగర్, యూసుఫ్‌గూడ, షేక్‌పేట వచ్చాయి. జూబ్లీహిల్స్ మున్సిపల్ డివిజన్, అంటే చెక్‌పోస్టు దగ్గర నుంచి తారల ఇళ్లుండే కొండ మీది రోడ్లు చాలావరకు, ఖైరతాబాద్‌కే మిగిలిపోయాయి. టీవీల్లో జూబ్లీహిల్స్ ఎన్నిక అనగానే అద్దాల మేడలు చూపిస్తారు. ఆ మేడల వాళ్లలో ఎక్కువమందికి అక్కడ ఓటే లేదు.

మన సభలో ఓట్లు లెక్కపెట్టిన అరుదైన రాత్రి ఒకటి ఈ కాలంలోనే వచ్చింది. 2011 డిసెంబరు 5. కిరణ్‌కుమార్ రెడ్డి ప్రభుత్వం మీద తెలుగుదేశం అవిశ్వాసం. డివిజన్ జరిగింది. ప్రభుత్వం నెగ్గింది. వైఎస్ కొడుకు జగన్ వర్గం కాంగ్రెస్ సభ్యులు 16 మంది, ప్రజారాజ్యం పార్టీ నుంచి ఒకరు విప్‌కు ఎదురు ఓటేశారు. మూడు నెలలకల్లా 17 మంది సభ్యత్వాలూ పోయాయి. సభ్యుడి పేరుతో ఓటు నమోదైతే ఏమవుతుందో రాష్ట్రం కళ్లారా చూసింది.

ఇక 2014 జనవరి 30. రాష్ట్ర పునర్విభజన బిల్లు మీద అభిప్రాయం చెప్పడానికి రాష్ట్రపతి ఇచ్చిన గడువులో చివరి రోజు. సభకు అందిన సవరణలు తొమ్మిది వేలు దాటాయి. బిల్లును తిరస్కరించాలని ముఖ్యమంత్రే తీర్మానం పెట్టారు. స్పీకర్ నాదెండ్ల మనోహర్ కుర్చీ చుట్టూ నినాదాలు. క్షణాల్లో మూజువాణీ ఓటు, తీర్మానం నెగ్గింది, సభ నిరవధిక వాయిదా. తెలుగువాళ్ల రాజకీయ చరిత్రలో ఇంతకంటే పెద్ద ఓటు లేదు. జూబ్లీహిల్స్ ఎమ్మెల్యే, ఖైరతాబాద్ ఎమ్మెల్యే, పులివెందుల ఎమ్మెల్యే, సిద్దిపేట ఎమ్మెల్యే: ఎవరు ఏమన్నారో పేరు పేరునా రాసిన కాగితం లేదు. తర్వాత లోక్‌సభ ఆ బిల్లును ఆమోదించింది కూడా మూజువాణీతోనే.

తెలంగాణ వచ్చింది. జూబ్లీహిల్స్‌కు సినిమా నిర్మాత ఎమ్మెల్యే అయ్యారు. మాగంటి గోపీనాథ్, ‘రవన్న’, ‘భద్రాద్రి రాముడు’ తీసిన మనిషి, 1980ల నుంచి తెలుగుదేశం కార్యకర్త. 2014లో ఆ పార్టీ గుర్తు మీదే 9,242 ఓట్ల ఆధిక్యంతో గెలిచారు. 2016 మార్చి నాటికి 15 మంది తెలుగుదేశం సభ్యుల్లో 12 మంది టీఆర్‌ఎస్‌లో విలీనమైనట్టు ప్రకటన వెలువడింది. గోపీనాథ్ ఆ పన్నెండు మందిలో ఒకరు. మూడింట రెండు వంతులు కలిస్తే చట్టం పట్టుకోదు. 2018లో 16,004, 2023లో 16,337 ఓట్ల తేడాతో మళ్లీ మళ్లీ గెలిచారు. చివరిసారి ఓడింది క్రికెటర్ అజారుద్దీన్. పార్టీ మారినందుకు ఓటరు శిక్షించలేదన్నది కూడా రికార్డే. పక్కనే ఖైరతాబాద్‌లో 2023లో బీఆర్‌ఎస్ (పేరు మారిన టీఆర్‌ఎస్) తరఫున గెలిచిన దానం నాగేందర్ 2024లో కాంగ్రెస్ అభ్యర్థిగా సికింద్రాబాద్ లోక్‌సభకు పోటీ చేశారు. పార్టీ మారిన పదిమంది సభ్యుల మీద ఫిర్యాదులు మూడు నెలల్లో తేల్చాలని 2025 జూలై 31న సుప్రీంకోర్టు స్పీకర్‌కు చెప్పాల్సి వచ్చింది.

ఫిల్మ్‌నగర్ కడుపు నింపే నిర్ణయాలు కూడా జీవోలే. టికెట్ రేటు పెంచాలంటే, తెల్లవారుజామున ఆట వేయాలంటే, హోం శాఖ కాగితం కావాలి. 2024 డిసెంబరు 4న సంధ్య థియేటర్‌లో బెనిఫిట్ షో రాత్రి జరిగిన తొక్కిసలాటలో ఒక తల్లి చనిపోయింది. అదే నెల 21న ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి తాను ఉన్నంతకాలం బెనిఫిట్ షోలు, రేట్ల పెంపు ఉండవని శాసనసభలోనే ప్రకటించారు. మూడు వారాలు తిరగకుండానే సంక్రాంతి సినిమాకు రేటు పెంచుతూ ఉత్తర్వు వచ్చింది. హైకోర్టు తప్పుపట్టాక ప్రభుత్వం దాన్ని వెనక్కి తీసుకుంది. ఇవ్వడం, తీసుకోవడం, రెండూ సభ బయటే.

2025 ఆగస్టులో సినీ కార్మికులు 30 శాతం వేతన పెంపు అడిగి సమ్మెకు దిగారు. షూటింగులు రెండు వారాలకు పైగా ఆగాయి. చివరికి కార్మిక శాఖ మధ్యవర్తిత్వంలో, రోజుకు రెండు వేలలోపు వేతనం ఉన్నవాళ్లకు మూడేళ్లలో కలిపి 22.5 శాతానికి రాజీ కుదిరింది. ఒకప్పుడు పీజేఆర్ చూసిన శాఖే అది. కృష్ణానగర్ వాళ్లకు ఆ శాఖ మంత్రి పేరు, హీరోల పేర్ల కంటే ఎక్కువ అవసరమైన రోజులవి. అంతలో ఉప ఎన్నిక. గోపీనాథ్ జూన్ 8న కన్నుమూశారు. అక్టోబరు చివర యూసుఫ్‌గూడలో సినీ కార్మికుల సభ పెట్టారు. టికెట్ రేటు పెంచితే వచ్చే అదనపు ఆదాయంలో 20 శాతం కార్మికుల సంక్షేమానికి ఇస్తేనే ఇకపై జీవో ఇస్తామని ముఖ్యమంత్రి మాట ఇచ్చారు. మంచి మాటే. కానీ చట్టంగా సభలోకి వస్తే ఒక ముఖ్యమంత్రి పోయినా నిలుస్తుంది. జీవోగా ఉంటే ఆ కలంతోనే పోతుంది.

నవంబరు 11న పోలింగ్. బరిలో 58 మంది. నాలుగు లక్షల పైచిలుకు ఓటర్లలో సగం మంది కూడా రాలేదు, 48.49 శాతం. 14న యూసుఫ్‌గూడ కోట్ల విజయభాస్కర రెడ్డి స్టేడియంలో లెక్కింపు. కాంగ్రెస్ అభ్యర్థి నవీన్ యాదవ్‌కు 98,988, గోపీనాథ్ భార్య సునీతకు 74,259. ఆధిక్యం 24,729.

పీజేఆర్ పేరు ఇప్పుడు కొండాపూర్ వైపు ఒక ఫ్లైఓవర్‌కు ఉంది. 2025 జూన్ 28న ముఖ్యమంత్రి ప్రారంభించారు. కృష్ణా నీళ్ల మీద గొడవ వచ్చినప్పుడల్లా కాంగ్రెస్ నాయకులు ఆయన పేరు ఎత్తుతారు. ఆయన బతికుండగా ఆ పార్టీ ఆ మాట ఎంత విన్నదో మాత్రం చెప్పరు. పోతిరెడ్డిపాడును 80,000 క్యూసెక్కులకు పెంచుతూ 2020 మే 5న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 203 నంబరు జీవో ఇచ్చింది. పదిహేనేళ్ల కిందటి మాదిరే దానికీ సభలో ఓటు లేదు.

జూబ్లీహిల్స్, ఖైరతాబాద్ ఓటర్లారా, సభా కార్యకలాపాలు ప్రచురితమవుతాయి, ఎవరైనా చదవొచ్చు. మీ ఎమ్మెల్యే ఈ ఏడాది ఏ శాఖను ఏ ప్రశ్న అడిగారో, ఏ జీవో మీద నోరు విప్పారో, ఏ రోజు డివిజన్ కోరారో చూసి, ఈసారి మీ బస్తీకి వచ్చినప్పుడు ఆ కాగితం ముందుపెట్టి అడగండి.